పికప్ మారిస్తే గిటార్ గొంతు ఎంతవరకు మారుతుంది? మార్చినోళ్లు చెప్పండి

అనంత_ఆరుతీగలు, అనంతపురం:
అన్నలూ, నాది స్ట్రాట్ మోడల్ ఎలక్ట్రిక్ గిటార్, తీగల కింద మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, దాని చుట్టూ ఒకే రాగి చుట్ట). ఆదివారం చర్చిలో, సీజన్‌లో పెళ్లి ఆర్కెస్ట్రాలో వాయిస్తా. రెండు ఇబ్బందులు. సీరియల్ లైట్లేసిన షామియానా కిందికి పోతే జుమ్మని ఒకటే మోత. రెండోది, బ్రిడ్జి పికప్ (తీగలు కట్టిన కింది కొస దగ్గరిది) మీద లీడ్ ఎత్తుకుంటే చెవిలో సూది గుచ్చినట్టు ఉంటాది. పికప్ మారిస్తే రెండూ పోతాయా? మార్చకముందు ఎట్లుండె, మార్చినాక ఎట్లయిందో చెప్పండి.

బురుజు_లీడ్, కర్నూలు:
తేడా ఉంటాది తమ్ముడూ, బాగానే ఉంటాది. కానీ నాకు జరిగింది విను. బ్రిడ్జికి ఆల్నికో 5 అయస్కాంతమున్న హంబకర్ (రెండు కాయిల్స్ పికప్) కొని పాత పాట్లకే (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండేవి) సోల్డరింగ్ చేయించినా. యాంప్ ఆన్ చేస్తే గిటార్ మీద దుప్పటి కప్పినట్టు మసక సౌండు. నెల రోజులు పికప్‌నే తిట్టుకున్నా. అమ్మేద్దామని విప్పినప్పుడు చూసినా, పాట్ వీపున 250కె (250 కిలో ఓమ్‌లు) అని ఉంది. హంబకర్‌కు మామూలుగా 500కె వేస్తారు. వాల్యూమ్ నిండా తెరిచినా పాట్ పికప్ మీద భారంగానే ఉంటాది. 250కె అయితే ఆ భారానికి పై ట్రెబుల్ నలిగిపోతాది. పాట్ మార్చిన సాయంత్రం అదే పికప్‌లో పిక్ తీగను గీరే చప్పుడు కూడా వినపడింది. పాట్ వేల్యూ చూడకుండా పికప్ ఆర్డరు పెట్టొద్దు.

వైండింగ్_కడప:
నేను బోరు మోటార్లకు వైండింగ్ చేస్తా, గిటార్ ఇష్టంతో పట్టుకున్నా. మోటారైనా పికప్ అయినా రాగి తీగ, అయస్కాంతమే కదా అనుకుని, చచ్చిపోయిన పికప్ ఒకదాన్ని తిరిగి చుట్టబోయినా. 42 గేజి తీగ, మందం 0.063 మిల్లీమీటర్లు, వెంట్రుకంత. మోటారు తీగను లాగే చెయ్యి అలవాటు కదా, అంత బిగువు పెట్టేసరికి టప్పున తెగింది. మూడుసార్లు తెగినాక, వేళ్ల మధ్య పాత చొక్కా గుడ్డ పెట్టి దాని మీదుగా వదిలితే నిలిచింది. స్ట్రాట్ పికప్‌లో సుమారు 8 వేల చుట్లు ఉంటాయి. చుట్లు పెరిగేకొద్దీ ఔట్‌పుట్ పెరుగుతాది, మధ్య స్వరం లావవుతాది, ట్రెబుల్ తగ్గుతాది. అసలు సంగతంతా ఇక్కడే ఉంది.

అందరూ ఓమ్‌లు, అంటే పికప్ తీగ రెసిస్టెన్స్, చూసి కొంటారు. ఓమ్‌లు తీగ ఎంతుందో చెప్తాయి, ఆ అయస్కాంతం ఏ రకమో చెప్పవు. పైగా రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతాది. 20 డిగ్రీల దగ్గర 8 కిలో ఓమ్‌లున్న పికప్, మన మే నెల 42 డిగ్రీల్లో మీటర్ మీద 8.7 దగ్గర చూపిస్తాది. వేసవిలో కొలిచి 'హాట్ పికప్' (ఎక్కువ ఔట్‌పుట్ ఇచ్చేది) అని మురిసిపోవద్దు.

మోత సంగతికొస్తే, కరెంటుది 50 హెర్ట్జ్. ఒంటి కాయిల్ దాన్ని పట్టేస్తాది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో పేటెంటుకు పెట్టిన హంబకర్‌లో రెండు కాయిల్స్, రెండో దాని అయస్కాంతం తిరగేసి, చుట్టు కూడా తిరగేసి ఉంటాది. తీగ శబ్దం రెండింటిలోనూ కలుస్తాది, మోత ఒకదానికొకటి కొట్టుకుని పోతాది. ఇది మాత్రం మాయమాట కాదు, నిజంగా పనిచేస్తాది.

గమకం_గిటార్, ప్రొద్దుటూరు:
నేను ఎలక్ట్రిక్ మీద కర్ణాటక సంగీతం వాయిస్తాను. పై ఫ్రెట్లలో స్వరం వణికేది, శ్రుతి సరిగ్గా ఉన్నా రెండు స్వరాలు ఒకేసారి పలికినట్టు ఉండేది. పికప్ మార్చాలని డబ్బు కూడా పోగేశాను. చూస్తే నెక్ పికప్ (గిటార్ మెడ వైపుది) తీగలకు మరీ దగ్గరగా ఉంది, ఆ అయస్కాంతాలు తీగను లాగేస్తున్నాయి. చివరి ఫ్రెట్ నొక్కిపట్టి, తీగకూ పికప్‌కూ మధ్య 3 మిల్లీమీటర్లు వచ్చేదాకా స్క్రూ దించాను. వణుకు పోయింది, గమకం సాగింది. డబ్బు మిగిలింది. మీరు కూడా ముందు స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

బురుజు_లీడ్:
అక్క చెప్పింది నిజం. ఇంకోటి తమ్ముడూ, స్విచ్ 2, 4 స్థానాల్లో పెట్టి చూడు, అక్కడ మధ్య పికప్ పక్కదానితో కలిసి పలుకుతాది. మధ్య పికప్ తిరగేసి చుట్టింది అయితే అక్కడ మోత ఉండదు. పాత పద్ధతి స్ట్రాట్ వైరింగ్‌లో బ్రిడ్జికి టోన్ పాట్ కనెక్షనే ఉండదు. నీ చెవిలో సూది అదే కావచ్చు.

అనంత_ఆరుతీగలు:
మూడు వారాలకు వస్తున్నా, క్షమించండి. 2, 4లో మోత నిజంగానే లేదు! బ్రిడ్జికి టోన్ కనెక్షన్ లేదు. స్విచ్ దగ్గర అంగుళం వైరు ముక్క వేయించి టోన్‌ను 7 దగ్గర పెడితే సూది గుచ్చడం పోయింది. దానికి పికప్పే అక్కర్లేకపోయింది.

మోత కోసం సింగిల్ కాయిల్ సైజు హంబకర్ బ్రిడ్జికి వేయించినా. ఒంటరిగా బ్రహ్మాండం. 2వ స్థానంలో మాత్రం రేకు డబ్బా కొట్టినట్టు సన్నగా వచ్చింది, బేస్ మొత్తం మాయం.

వైండింగ్_కడప:
ఫేజు తిరగబడింది అబ్బీ, అంటే రెండు పికప్‌ల సిగ్నళ్లు ఎదురెదురై ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాండాయి. ముల్లు మీటర్ పెట్టి, పికప్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి చటుక్కున తియ్. ముల్లు ఏ వైపు ఎగురుతాదో చూడు. మధ్య పికప్‌కూ అట్లే చెయ్. ఎదురెదురుగా ఎగిరితే కొత్తదాని రెండు కొసలూ అటుదిటు ఇటుదటు చెయ్. ఒట్టి షీల్డు వైరు మాత్రం ఎర్త్‌కే ఉండాల.

అనంత_ఆరుతీగలు:
అదే అన్నా! రెండు ముళ్లూ ఎదురెదురుగా ఎగిరినాయి. కొసలు మార్చినాక నిండుగా ఉంది. బురుజన్న చెప్పిన 250కె మసక నాకు ఇక్కడ పనికొచ్చింది, పాట్లు మార్చలేదు. పాత గిటార్ చిలకపలుకు బ్రిడ్జి మీద కొంచెం తగ్గింది, ఆ లోటు తెలుస్తాంది. నెక్, మధ్య పికప్‌లు ముట్టుకోలేదు కాబట్టి అక్కడ అదే గొంతు. నిన్న పెళ్లిలో సీరియల్ లైట్ల కిందే నిలబడినా. పాట ఆగినప్పుడు నాదస్వరం వాళ్ల మాటలు వినపడినాయి. ఒకే చోట మాత్రం గరగర వచ్చింది, తీగల మీద చెయ్యి పెడితే తగ్గింది.

వైండింగ్_కడప:
అది షీల్డింగ్ గరగర. లోపల గుంటకు రాగి టేపు అంటించి ఎర్త్‌కు కలుపు. మోత పోవాలని యాంప్ ప్లగ్గుకు ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా తీయొద్దు. మైకుకు పెదవి తగిలి షాకు కొట్టిన గాయకుణ్ణి నేను కళ్లారా చూసినా. కల్యాణ మండపంలో ముందు సాకెట్‌కు టెస్టర్ పెట్టి, ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడిగి, తరవాతే తీగ మీటు.