స్పిరులినా వడకట్టిన నీటిని ఎన్నాళ్ళు తిప్పి వాడవచ్చు?

పచ్చతొట్టి (నల్గొండ)
పెరట్లో రెండు టార్పాలిన్ తొట్టెలలో స్పిరులినా (ఎండబెట్టి తినే పచ్చని సూక్ష్మజీవి) పెంచుతున్నాను. గుడ్డతో వడకట్టగా దిగిన నీటిని పారబోయకుండా మళ్ళీ తొట్టెలోకే పంపుతున్నాను. నాలుగు నెలలు బాగానే నడిచింది కానీ, ఇప్పుడు గుడ్డ త్వరగా మూసుకుపోతోంది, అంచుల్లో నురగ కడుతోంది, పైరు పసుపు తిరిగింది. ఈ నీటిని ఇంకా వాడవచ్చా? ఆవిరైన మేరకు బోరు నీరు కలపవచ్చా? పారబోయక తప్పకపోతే మొక్కలకు పోయవచ్చా?

రొయ్యలగట్టు (భీమవరం)
డబ్బు పోసి ఎరువులు కొనుక్కుని, ఆ నీటినే పొదుపు చేయడంలో అర్థం లేదండి. మా రొయ్యల చెరువు నుంచి తోడిన నీటిలో నత్రజని, భాస్వరం ఉచితంగా దొరుకుతాయి. నేను వాటికి కొద్దిగా సోడా మాత్రమే కలిపి ఎనిమిది నెలలుగా స్పిరులినా తీస్తున్నాను. గుడ్డలో నిలవదు కనుక పటిక వేసి అడుగుకు దించుతాను. ఎండబెట్టి బంధువులకు కూడా పంచాను.

సూక్ష్మదర్శిని
రొయ్యలగట్టు గారూ, ఇది చదివి నిర్ఘాంతపోయాను. ఆ నీటిలోని నత్రజనిలో చాలా భాగం అమ్మోనియా రూపంలో ఉంటుంది. నీటి పీహెచ్ (క్షారతను చెప్పే అంకె) 9.25 దగ్గర అందులో సగం, 10కి చేరేసరికి నూటికి 85 వంతులు స్వేచ్ఛా అమ్మోనియాగా మారి, స్పిరులినాకే విషమవుతుంది. పైగా చెరువులో వాడిన మందుల శేషాలు ఎవరి కడుపులోకి పోతున్నాయో ఆలోచించారా?

రొయ్యలగట్టు (భీమవరం)
ఇరవై ఏళ్ళుగా నీటిని చూస్తున్నవాడిని, నాకు అమ్మోనియా గురించి పాఠం అక్కరలేదు. మీ లెక్క ప్రకారం నా పైరు ఎప్పుడో చావాలి. పచ్చగా కళకళలాడుతోంది, వచ్చి చూసుకోండి.

సూక్ష్మదర్శిని
పచ్చగా ఉన్నదల్లా స్పిరులినా కాదు. స్పిరులినా స్ప్రింగులా చుట్టుకున్న దారం. 30 నుంచి 50 మైక్రాన్ల గుడ్డలో చక్కగా నిలుస్తుంది. మీది నిలవడం లేదని, పటిక వేస్తున్నానని మీరే రాశారు. అది ఏ క్లోరెల్లా వంటి గుండ్రని కణమో అయి ఉంటుంది. ఒక చుక్క సూక్ష్మదర్శిని కింద పెట్టి ఫోటో పంపండి, అప్పుడు మాట్లాడుకుందాం. అంతవరకు దయచేసి ఎవరికీ పంచకండి.

మిద్దెతోట (హైదరాబాద్)
ఈ గొడవలో బోరు నీటి ప్రశ్న కొట్టుకుపోయింది. ఆర్వో యంత్రం వదిలేసే నీటిని పారబోయడానికి మనసొప్పక నేను తొట్టెలో పోశాను. రెండు వారాల్లో అడుగున సున్నం లాంటి తెల్లని మడ్డి పేరుకుంది. ఆ నీటిలో గాఢంగా ఉన్న కాల్షియం, సోడాలోని కార్బొనేట్‌తో కలిసి అడుగుకు దిగిపోతుందట; భాస్వరాన్ని కూడా తనతో తీసుకుపోతుందట. అప్పటి నుంచి వాన నీరే పట్టి కలుపుతున్నాను.

పాతకాపు
పదకొండేళ్ళ అనుభవంతో చెబుతున్నాను కనుక శ్రద్ధగా చదవండి. పసుపు రంగు నీటి పాతదనం వల్ల కాదు, నత్రజని ఆకలి వల్ల వస్తుంది. వడకట్టిన ప్రతిసారీ పైరుతోపాటు నత్రజని తొట్టె దాటి పోతుంది, నీరు మాత్రమే తిరిగి వస్తుంది. స్పిరులినా పెంపకానికి వాడే జారూక్ పోషక మిశ్రమంలో లీటరుకు 2.5 గ్రాముల సోడియం నైట్రేట్, 16.8 గ్రాముల సోడియం బైకార్బొనేట్ ఉంటాయి. నైట్రేట్‌ను పైరు తింటుంది, సోడియం నీటిలోనే మిగులుతుంది. అందుకే భర్తీకి నేను పొటాషియం నైట్రేట్ వాడతాను. గుడ్డను మూసేది మాత్రం ఈ నాచు కణాలు విడిచిన జిగురే. నేను అడుగు మడ్డిని వారానికోసారి తోడేసి, నెలకోసారి అయిదో వంతు నీటిని మారుస్తాను. మొత్తం పారబోయవలసిన అవసరం నాకు అరుదుగా కలిగింది.

సూక్ష్మదర్శిని
ఒక సవరణ. స్పిరులినా శాస్త్రీయంగా నాచు కాదు, సయనోబాక్టీరియా, అంటే ఎండతో ఆహారం తయారుచేసుకునే బాక్టీరియా.

పాతకాపు
అది తెలియక కాదు. గుడ్డ మూసుకుపోయిన మనిషికి ఆ వర్గీకరణ ఏమి పనికొస్తుంది?

రొయ్యలగట్టు (భీమవరం)
మా అబ్బాయి కళాశాలలో చూపించి ఫోటో తెచ్చాడు, పైన జతచేశాను. గుండ్రంగానే ఉన్నాయి. పంచినవారికి వాడవద్దని ఫోన్ చేశాను. అయినా నీటిని పచ్చదనంగా మార్చి నత్రజనిని లాగే పని ఇది చేస్తోంది కదా, దాన్ని ఎవరూ ఒప్పుకోరేం?

సూక్ష్మదర్శిని
ఒప్పుకుంటున్నాను. మురుగునీటి శుద్ధికి లోతు తక్కువ నాచు చెరువులను విలియం ఓస్వాల్డ్ అనే శాస్త్రవేత్త కాలిఫోర్నియాలో 1950లలోనే రూపొందించారు. శుద్ధికి పెంచే నాచు వేరు, తిండికి పెంచేది వేరు. నా కోపమంతా ఆ రెండింటినీ కలిపినందుకే.

పచ్చతొట్టి (నల్గొండ)
నైట్రేట్ వేసిన నాలుగో రోజుకే పచ్చరంగు తిరిగి వచ్చింది, పాతకాపు గారికి కృతజ్ఞతలు. మొక్కల ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు రాలేదు.

మిద్దెతోట (హైదరాబాద్)
పోయకండి. నేను రెండు బకెట్లు కరివేపాకు కుండీలో పోశాను. మట్టి చౌడు తేలి గట్టిపడింది, చెట్టు నెలలోపే ఎండిపోయింది.