స్ట్రగులింగ్ ఆర్టిస్టుల మీద సెటైర్ కామెడీ: ఆడిషన్ సీన్లు బాగున్నాయి, కథే కదలట్లేదు

మేడగది:
అందరికీ నమస్కారం. కృష్ణానగర్‌లో ఒకే గదిలో ఉంటున్న ముగ్గురు నటులు, వాళ్లలో ఒకణ్ని ప్రేమిస్తున్న ఒక నటి. ఈ నలుగురి మీద 100 నిమిషాల వ్యంగ్య హాస్య చిత్రం రాస్తున్నాను. మొదటి డ్రాఫ్ట్ అయింది. అందులో ఆడిషన్ సీన్లు తొమ్మిది. ఏ సీను ఆ సీనుగా చదివితే నవ్వొస్తోంది. వరసపెట్టి చదివితే ఇంటర్వెల్ లోపే నీరసపడుతోంది. ప్రేమకథేమో వేరే సినిమాలోంచి తెచ్చి అతికించినట్టుంది. ఆడిషన్లు ఎన్ని ఉంచాలి, ప్రేమకథను వాటితో ఎలా ముడిపెట్టాలి? ఇంకోటి, క్లైమాక్స్ ఒక షూటింగ్ స్పాట్‌లో జరుగుతుంది. సినిమాలో సినిమా తీసేటప్పుడు ముందే చూసుకోవాల్సినవి చెప్పండి. డబ్బింగ్ లేకుండా సింక్ సౌండ్‌లోనే, అంటే షూటింగ్‌లో రికార్డయిన గొంతులతోనే చేద్దామని ఉంది.

మూడో గంట:
తొమ్మిదిలో ఆరు తీసెయ్యండి. ఏవి తియ్యాలో తేల్చుకోడానికి ఒక పరీక్ష: ఆడిషన్ సీను మొత్తం పక్కన పెట్టి, తర్వాతి సీన్లో ఆ నలుగురూ ఒకరితో ఒకరు మాట్లాడే తీరు ఏమైనా మారుతోందేమో చూడండి. మారకపోతే అది స్కిట్టే, ఎంత నవ్వించినా సరే.

1982లో వచ్చిన ‘టూట్సీ’ని ఈ దృష్టితో మళ్లీ చూడండి. మైకేల్ తన స్నేహితురాలు శాండీని ఒక టీవీ సీరియల్ వేషం కోసం దగ్గరుండి తయారు చేస్తాడు. ఆమెకు ఆ వేషం రాదు. అదే వేషాన్ని ఇతను ఆడవేషం కట్టి తెచ్చుకుంటాడు. ఆడిషన్ ఒక్కటే. కానీ ఆ క్షణం నుంచి శాండీకి నిజం చెప్పే దారి మూసుకుపోయింది. తర్వాత ఆమె గదిలో ఆమె డ్రెస్సు తొడుక్కుని చూద్దామని బట్టలు విప్పి దొరికిపోతాడు, తప్పించుకోడానికి నువ్వంటే ఇష్టమని చెప్పేస్తాడు. అక్కడ నవ్వుతూనే శాండీ మీద జాలిపడతాం. ఉద్యోగం కోసం ఆడిన అబద్ధం ఊళ్లో వాళ్ల మీద కాదు, దగ్గరి మనిషి మీద పడింది. మీ స్క్రిప్టులో లేనిది ఇదే. మీ ఆడిషన్లలో అవమానం జరుగుతోంది, దాని ఖర్చు మాత్రం ఇంట్లో ఎవరూ కట్టట్లేదు.

మీ సెటప్‌కే ఒక దారి. నాయిక ఒక వేషానికి సెల్ఫ్ టేప్ (ఇంట్లోనే తీసుకునే ఆడిషన్ వీడియో) పంపాలి. ప్రియుడు ఫోన్ పట్టుకుని కెమెరా వెనక నిలబడి ఎదుటి పాత్ర డైలాగులు చదువుతాడు. మర్నాడు ఆ సినిమా మేనేజర్ ఫోన్ చేసి ‘ఆ గొంతు ఎవరిది, ఆ అబ్బాయిని పంపండి’ అంటాడు. ఆ ఫోన్ అతనే ఎత్తుతాడు. ఆమెకు చెప్పడు. ఇక్కడి నుంచి ప్రేమకథ, వేషాల కథ ఒకటే అయిపోతాయి. దీన్ని 25వ నిమిషం దాటనివ్వకండి. ఆమెకు తెలియడం ఇంటర్వెల్‌కు వస్తుంది. మూడో ఆడిషన్ ఇద్దరూ ఒకే సీన్లో ఎదురెదురుగా చెయ్యాల్సి రావడం, 75వ నిమిషం దగ్గర.

నటుడు చెడ్డగా నటించే ఘట్టాల గురించి కూడా చెప్పాలి, చాలా సినిమాలు చెడేది అక్కడే. గొంతు పెంచి, కళ్లు తిప్పించి ‘చెత్త నటన’ చేయిస్తే ప్రేక్షకుడు ‘వీడికి వేషం రాకపోవడమే న్యాయం’ అనుకుంటాడు. వ్యంగ్యం అంతటితో చచ్చిపోతుంది. నటుడికి తప్పు లక్ష్యం ఇవ్వండి: ఎదుటి పాత్రని ఒప్పించడానికి కాకుండా, టేబుల్ వెనక కూర్చున్న మనిషి మొహంలో మార్పు కోసం డైలాగ్ చెప్పమనండి. ఆ మనిషి వాట్సాప్ చూసుకుంటూ ఉండాలి. డైలాగ్ సగంలో చూపు పక్కకు జారుతుంది, వాక్యం చివర ప్రశ్నలా లేస్తుంది. నవ్వొస్తుంది, పాత్ర మీద గౌరవం కూడా పోదు.

నాయికకు ‘కాంప్రమైజ్’ అడిగే సీను రాసి ఉంటే, ఆమె ఇబ్బందిని జోకుగా వాడకండి. నవ్వు అడిగేవాడి మాటల డొంకతిరుగుడు మీద పడాలి. ఆ మాట నోటితో అనకుండా వాడు ఎన్ని వంకర్లు తిరుగుతాడో అదే రాయండి.

బూమ్ రాడ్:
సినిమాలో సినిమా గురించి. మొదటి చిక్కు ‘కట్’. మీ కథలోని డైరెక్టర్ పాత్ర ‘కట్’ అనగానే నిజం యూనిట్‌లో ఎవరో ఒకరు కెమెరా ఆపేస్తారు, లైట్ బాయ్ ఫ్రేములోకి నడిచేస్తాడు. నిజం కట్‌కి వేరే మాట పెట్టుకుని మొదటి రోజే అందరికీ చెప్పండి, స్క్రిప్టులో ఎక్కడా రాని మాట అయితే చాలు. రెండోది క్లాప్. ఫ్రేములో కనబడే ఉత్తుత్తి క్లాప్ మీద కల్పిత సినిమా పేరు, సీన్ నంబరు 500 పైన వెయ్యండి. లేకపోతే ఎడిటింగ్ రూములో అసిస్టెంట్ రెండింటినీ కలిపేస్తాడు.

కల్పిత సినిమా ఎలా కనబడాలో షూటింగ్ ముందే తేల్చుకోండి. ఫ్రేము ఎత్తుకు వెడల్పు ఎన్ని రెట్లన్న లెక్కలో అసలు కథ 1.85లో, లోపలి సినిమా 2.39లో అనుకుంటే ఒక్క చూపులో తేడా తెలుస్తుంది. రంగు మార్చి తర్వాత చూద్దాంలే అని వదిలెయ్యొద్దు. లైటింగ్ ఒకేలా ఉంటే గ్రేడింగ్‌లో (తర్వాత రంగులు దిద్దేటప్పుడు) ఎంత లాగినా రెండూ ఒకే సినిమాలా ఉంటాయి.

ఇక సింక్ సౌండ్. కృష్ణానగర్ మేడగదిలో బయటి బైకులకంటే పెద్ద శత్రువు సీలింగ్ ఫ్యాన్. ఆపేసి తీస్తే వైడ్‌లో (గదంతా కనబడే షాట్లో) ఆగిన ఫ్యాన్ కింద నలుగురు చెమటలు కక్కుతూ కనబడతారు. ఫ్యాన్ తిరుగుతూ వైడ్ షాట్ తీసుకోండి. దగ్గరి షాట్లు ఫ్యాన్ ఆపి, అది ఫ్రేములో పడకుండా. వైడ్‌లోని డైలాగుల్ని అదే గదిలో, అదే స్థానాల్లో ఫ్యాన్ ఆపి కెమెరా లేకుండా వెంటనే ఇంకోసారి చెప్పించి రికార్డ్ చేసుకోండి. మర్నాటికి వాయిదా వేస్తే ఆ ఊపు రాదు. గది మారినప్పుడల్లా కనీసం 60 సెకన్ల రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పటి గది చప్పుడు) రికార్డ్ చేసుకోండి, యూనిట్ అంతా కదలకుండా నిలబడి.

మేడగది:
మూడో గంట గారూ, సెల్ఫ్ టేప్ ఆలోచన చాలా బాగుంది, దాన్ని పట్టుకునే మళ్లీ రాస్తాను. గదిలో సీన్లలో నలుగురూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడతారు. సింక్‌లో అది కుదురుతుందా? అలాగే ఒకడి ఫోన్ రింగ్‌టోన్ ఓ హిట్టు పాట, గోడ నిండా హీరోల పోస్టర్లు. ఫరవాలేదా?

కత్తెర:
మాటలు కలవడం వైడ్‌లో, ఇద్దరు కనబడే టూ షాట్లో బాగుంటుంది. నలుగురికీ బట్టలకు తగిలించే లేపల్ మైకులు నాలుగు, నాలుగు వేర్వేరు ట్రాకులు, పైన కర్రకు కట్టిన బూమ్ మైకు. క్లోజప్పుల్లో మాత్రం ఎదుటివాళ్లు మాట మీద మాట పడనివ్వకూడదు, ఎడిట్‌లో మేం కలుపుతాం. క్లోజప్‌లోనే కలిసిపోతే ఆ టేక్ ఎక్కడ కొయ్యాలన్నా ఇంకొకరి మాట సగం తెగుతుంది.

ఆడిషన్లు మూడే అన్నదానితో నేను పూర్తిగా ఏకీభవించను. తీసేసిన ఆరింటిలోంచి మూడు జోకులు ఏరి, 40 సెకన్ల వరుసగా మొదటి పది నిమిషాల్లో పెట్టొచ్చు. ఆ ప్రపంచం నియమాలు ప్రేక్షకుడికి తెలియాలి కదా: లెఫ్ట్ ప్రొఫైల్, రైట్ ప్రొఫైల్, ‘ఫోటోలు పంపండి, చెబుతాం’. ఆ తర్వాత మళ్లీ అలాంటిది పెట్టకండి.

సెట్ క్లైమాక్స్‌కి 1995 నాటి ‘లివింగ్ ఇన్ ఆబ్లివియన్’ చూడండి, టామ్ డిచిల్లో తీసింది. మొదటి భాగంలో తల్లీకూతుళ్ల సీను ఒక్కటే, టేకు మీద టేకు పోతూ ఉంటుంది, ప్రతిసారీ వేరే కారణం. ఒకసారి బూమ్ మైకు ఫ్రేములోకి దిగుతుంది. చివరికి నటి గొప్పగా చేసింది రిహార్సల్‌లో, కెమెరా తిరగనప్పుడు, ఎందుకంటే విరిగిన పాలు తాగిన కెమెరామన్ బాత్రూములో వాంతి చేసుకుంటున్నాడు. రెండో భాగంలో హీరో హీరోయిన్ల మధ్య ముందురాత్రి జరిగింది మర్నాటి ప్రేమ సీనులోకి వచ్చి ప్రతి టేకునూ పాడుచేస్తుంది. మీ ఇద్దరు ప్రేమికులు చివర ఎదురెదురుగా నటించాలంటే ఈ రెండో భాగం దగ్గర పెట్టుకుని పని చెయ్యండి.

పాడైన టేకులు కొయ్యడంలో లెక్క ఇది: మొదటి టేకులో డైలాగ్ పూర్తిగా వినిపించాలి. రెండోసారి సగం నుంచి. మూడోసారి చివరి రెండు మాటలే. నాలుగోసారి డైలాగ్ లేకుండా యూనిట్ మొహాలు. ఇలా కుదించడానికి వీలుగా ప్రతి టేకుకీ క్లాప్ తర్వాత ఐదు సెకన్లు, పాడయ్యాక పది సెకన్లు మౌనంగా రోల్ అవనివ్వండి. నవ్వు ఆ పది సెకన్లలోనే దొరుకుతుంది. అది తీసుకోకపోతే ఎడిటర్ ఏమీ చెయ్యలేడు.

నెగెటివ్ డబ్బా:
రింగ్‌టోన్ వద్దు. కొన్ని సెకన్లయినా హక్కుదారు అనుమతి కావాలి, ఎడిట్ అయ్యాక ఓటీటీ వాళ్లు పట్టుకుంటారు. పాత్రలు ఆ పాట పాడుకున్నా అంతే. మీ సంగీత దర్శకుడితో 20 సెకన్ల ‘హిట్టు పాట’ ఒకటి కట్టించుకోండి, సినిమా అంతటా అదే మోగనివ్వండి. పోస్టర్లు కూడా కల్పిత సినిమాలవే గీయించండి. ఆ పేర్లు, హీరోల బిరుదులు బయట ఎవరికీ సరిపోలకుండా వెతికి చూసుకోండి. సెటైర్‌లో యాదృచ్ఛికం అంటే ఎవరూ నమ్మరు.

మేడ మీద సిగరెట్ సీన్లుంటే రాసేటప్పుడే ఆలోచించుకోండి. మొదట్లో, మధ్యలో 30 సెకన్ల ఆరోగ్య హెచ్చరిక, 20 సెకన్ల డిస్‌క్లెయిమర్ వెయ్యాలి, తాగుతున్నంతసేపూ తెర మీద అక్షరాలుండాలి. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణ తర్వాత యూఏ సెన్సార్ సర్టిఫికెట్ మూడు రకాలు: 7+, 13+, 16+. కాంప్రమైజ్ సీన్లో వాడు ఆ మాట అనకుండా డొంకతిరుగుడుగా రాయమన్నారు కదా, ఏ రకం వస్తుందన్న దానికీ అది పనికొస్తుంది.