పొద్దున మూడు, సాయంత్రం నాలుగు: ఇది 'పూటకో మాట' అవుతుందా?

చైనీస్ నానుడి 'జావ్ సాన్ మూ స్'ని తెలుగులో 'పూటకో మాట' అనొచ్చా అని నిన్న ఇక్కడ అడిగారు. ఇవాళ్టి చైనా వాడుక వరకైతే భేషుగ్గా అనొచ్చు. అసలు కథ దగ్గరికి వెళ్తే మాత్రం కుదరదు.

జావ్ అంటే పొద్దున, సాన్ మూడు, మూ సాయంత్రం, స్ నాలుగు. మొదటి అక్షరాన్ని 'ఛావ్' అని చదివితే రాజవంశమో, కొలువో అయిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు జారిపడేది అక్కడే. కర్త లేదు, క్రియ లేదు. 'చెంగ్‌యూ' అనే ఈ నాలుగక్షరాల నానుడుల్లో కొన్ని ఇంతే, వెనక కథ తెలియకపోతే కిరాణా చీటీలా కనిపిస్తాయి.

కథ ప్రాచీన చైనా తాత్వికుడు ఝువాంగ్‌జి పేరిటే ఉన్న 'ఝువాంగ్‌జి' గ్రంథం రెండో అధ్యాయంలో ఉంది. కోతుల్ని సాకే ఒకాయన సింధూరపు (ఓక్) చెట్టు కాయలు పంచుతూ "పొద్దున మూడు, సాయంత్రం నాలుగు" అన్నాడు. కోతులన్నీ గయ్యిమన్నాయి. "సరే, పొద్దున నాలుగు, సాయంత్రం మూడు" అన్నాడు. గంతులేశాయి. ఎటు కూడినా ఏడే! ఉన్నదంతా ఒకటేనని తెలియక ఇదీ అదీ అంటూ బుర్ర బద్దలు కొట్టుకునేవాళ్ల గురించి ఝువాంగ్‌జి చెప్పిన మాట ఇది. 'లియెజి' అనే మరో పాత చైనా గ్రంథంలోనూ ఇవే కోతులున్నాయి. అక్కడ ఆయన ఇంట్లోవాళ్ల తిండి తగ్గించి మరీ వాటిని మేపుతాడు, ఆనక సరుకు నిండుకుంటుంది, కోత పెట్టాలి. దాంతో నీతి మారిపోయింది: తెలివైనవాడు తెలివితక్కువవాళ్లను ఇలాగే గుప్పిట్లో పెట్టుకుంటాడట. నాకు మొదటిదే నచ్చుతుంది.

తర్వాత చైనాలో జనం కోతుల్ని వదిలేసి, అంకెలు మార్చినాయన్ని పట్టుకున్నారు. మూడంటాడు, నాలుగంటాడు, మాట మీద నిలబడడు! ఇప్పుడు ప్రేమలో నిలకడ లేనివాణ్ని, నెలకో ఉద్యోగం మారేవాణ్ని ఈ మాటతోనే దెప్పుతారు. పొద్దున ఛిన్ రాజ్యం పక్షం, సాయంత్రం ఛూ పక్షం అనే ఇంకో నానుడి ఉంది, అచ్చం ఇదే అచ్చులో. దాని అర్థం దీనికీ అంటుకుందనిపిస్తుంది. జపాన్, కొరియాల్లో మాత్రం పాత అర్థమే: మొత్తం మారకుండా మాటతో బురిడీ కొట్టించడం, దానికి పడిపోవడం.

ఆ పాత అర్థానికి ఇక్కడే ఒక మాస్టారు 'మోచేతికి బెల్లం' సూచించారు. దగ్గరే గానీ, ఆ బెల్లం నోటికి అందదు కదండీ, కోతులకు ఏడు కాయలూ అందాయి. 'ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి' అందామంటే, అది తేడా లేదని తెలిసినవాడి మాట. కోతులకు ఆ సంగతే తెలియదు.

ఆ మధ్య మా ఆఫీసులో నెల జీతంలో కొంత తగ్గించి, ఆ మొత్తాన్నే దసరాకి 'బోనస్' అని ఇచ్చారు. నేనూ స్వీట్లు పంచాను. దానికి తెలుగులో ఒక్క ముక్కలో ఏమంటారో ఎవరికైనా తడితే రాయండి.