మేనల్లుడి సమ్మర్ బేస్‌బాల్: జూన్‌లో నెల్లూరు రమ్మనొచ్చా?

కావలి మామ: మా అక్క కొడుకు డల్లాస్‌లో పదో తరగతి ముగించాడు. 16 ఏళ్లు, పిచర్ (బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడు). జూన్, జూలై నెల్లూరులో ఉండరా అంటే సమ్మర్ టీం పోతుందంటాడు. రెండు నెలలకే అంత కొంప మునుగుతుందా?

ఒంగోలు బౌలర్: మునగదు గానీ దెబ్బేనన్నా. కాలేజీ టీంలకి ఆటగాళ్లని ఎంచేది కాలేజీ కోచ్‌లే, స్కూలు సీజన్‌లో వాళ్లకి సొంత మ్యాచ్‌లుంటాయి. వాళ్లు తీరిగ్గా పిల్లల్ని చూసేది వేసవి టోర్నీల్లోనే. పైగా డివిజన్ 1 (అమెరికా కాలేజీ ఆటల్లో పై స్థాయి) కోచ్‌లు పదకొండో తరగతికి ముందొచ్చే ఆగస్టు 1 దాకా కుర్రాడికి ఫోన్ చెయ్యకూడదు. జూలైలో కళ్లబడితేనే ఆగస్టులో ఫోన్. డిసెంబరు సెలవుల్లో రమ్మను, అప్పుడెలాగూ చేతికి విశ్రాంతి కావాలి.

గూడూరు కోచ్: బంతుల లెక్క ఎవరు రాస్తున్నారో ముందు అడగండి. పిచ్ స్మార్ట్ (కుర్ర పిచర్ల చేతులు కాపాడే అమెరికా బేస్‌బాల్ మార్గదర్శకాలు) ప్రకారం 15-16 ఏళ్లకి రోజుకి 95 మించకూడదు. 46 నుంచి 60 వేస్తే రెండ్రోజులు, 75 దాటితే నాలుగు రోజులు ఆగాలి. శనివారం ఒక టీంకి 50, ఆదివారం ఇంకో టీంకి 50 వేస్తే ఏ టీం పుస్తకంలోనూ తప్పు కనపడదు, మోచేతి లిగమెంటు మాత్రం తెగే ముప్పుంది. మన ఫాస్ట్ బౌలర్ల నడుం కథే ఇదీ. ఏడాదిలో నాలుగు నెలలు పిచింగ్ బంద్.

కావలి మామ: సరే, డిసెంబరే. కోచ్‌లకి వీడియో కూడా పంపాలంటగా?

ఒంగోలు బౌలర్: రెండు మూడు నిమిషాలు చాలు, పాటలొద్దు. క్యాచర్ (బంతి పట్టేవాడు) వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. మెయిల్ సబ్జెక్టులోనే పేరు, స్కూలు ముగిసే సంవత్సరం, వేగం రాయాలి. మార్కులు కూడా పెట్టమను, అవి లేకుంటే చాలామంది కోచ్‌లు ముందుకే పోరు.