కెమెరాలో ఉండే ఫ్లాష్‌ను పెళ్లిలో ఎప్పుడు వాడాలి, ఎప్పుడు మానాలి?

ప్రశ్న (పందిరి_నీడ)

నమస్కారం. వచ్చే నెలలో మా చెల్లెలి పెళ్లి. పెళ్లికూతుర్ని చేయడం మధ్యాహ్నానికి ముందు ఇంటి పందిరిలోను, ముహూర్తం రాత్రి కల్యాణమండపంలోను ఉన్నాయి. ఫొటోగ్రాఫరును మాట్లాడుకున్నాము గాని, బంధువుల ఫొటోలు నా డీఎస్ఎల్ఆర్‌తో, దానితోపాటు వచ్చిన 18-55 లెన్సుతో నేనే తీయాలనుకుంటున్నాను. విడి ఫ్లాష్ కొనే ఉద్దేశం లేదు. ఆటో మోడ్‌లో రాత్రివేళ ముఖాలు సున్నం కొట్టినట్లు తెల్లబడి, వెనుక అలంకరణంతా చీకటైపోతోంది. పగలు పందిరి కింద తీస్తే బయటి ఎండ చక్కగా వస్తోంది గాని మనుషులు నల్లగా పడుతున్నారు. ఏం చేయాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

వెలుగు_లెక్క

ముందు ఆ ఫ్లాష్ ఎంత దూరం పనిచేస్తుందో చూసుకోండి. ఈ తరహా కెమెరాల్లో దాని గైడ్ నంబరు (ఫ్లాష్ శక్తిని తెలిపే సంఖ్య) ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100 వద్ద, మీటర్లలో, సుమారు 9 నుంచి 12 వరకు ఉంటుంది. దాన్ని అపెర్చరు (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం; సంఖ్య పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) సంఖ్యతో భాగిస్తే వెలుగు చేరే దూరం వస్తుంది. 12 అనుకున్నా, 55 దాకా జూమ్ చేసినప్పుడు మీ లెన్సు 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు కనుక, ఆ దూరం రెండు మీటర్ల పైచిలుకు మాత్రమే. ఐఎస్ఓను 400కు పెంచితే దూరం రెట్టింపవుతుంది, నాలుగింతలు కాదు. ఎందుకంటే దూరం రెట్టింపైనప్పుడు వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే పదో వరుసలో కూర్చుని వేదిక మీదికి ఫ్లాష్ కొట్టేవారి ఫొటోల్లో ముందు వరుసవారి తలలే వెలిగిపోతుంటాయి.

వెనుక చీకటికి కారణం షట్టరు వేగం. ఫ్లాష్ మెరుపు రెప్పపాటులో పదో వంతు కూడా ఉండదు కాబట్టి ముఖానికి అదే సరిపోతుంది. మండపం దీపాలకు మాత్రం షట్టరు ఇంకాసేపు తెరిచి ఉండాలి. చేయి కదిలి ఫొటో చెదరకూడదని ఆటో మోడ్ ఆ సమయం ఇవ్వదు. స్లో సింక్ (ఫ్లాష్‌తోపాటు షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచే పద్ధతి) ఎంచుకొని, షట్టరు 1/30 సెకను దరిదాపుల్లో, ఐఎస్ఓ 800 వద్ద ఉంచి, ఫ్లాష్ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (ఫ్లాష్ వెలుగును పెంచే, తగ్గించే అమరిక) మైనస్ 1కి తగ్గించండి. కదిలేవారి అంచుల్లో చార పడుతుంది గాని, తలంబ్రాల వేళ అది నాకు ఇష్టమే.

ఎండ_గొడుగు

పగటిపూట ఫ్లాష్ ఎందుకని చాలామంది దాన్ని మూసివేస్తారు. నా దృష్టిలో ఈ చిన్న ఫ్లాష్ అసలైన ఉపయోగం అక్కడే. వెనుక ఎండ, ముందు నీడ ఉన్నప్పుడు, ఫ్లాష్‌ను మీరే పైకి లేపి, మైనస్ 1 దగ్గర పెట్టి తీస్తే ముఖాల నలుపు విరుగుతుంది. అయితే ఒక చిక్కు ఉంది. ఈ కెమెరాల్లో ఫ్లాష్ వేసినప్పుడు షట్టరు వేగం సాధారణంగా 1/200 సెకను దాటదు. మండుటెండ మీదికి ఎక్స్‌పోజర్ కుదరాలంటే ఐఎస్ఓ 100 వద్దనే అపెర్చరును 11 దాకా మూయవలసి వస్తుంది. అప్పుడు పై లెక్క ప్రకారమే ఫ్లాష్ మీటరు దూరానికి మించి పెద్దగా అందదు. కాబట్టి ఒకరిద్దరిని దగ్గర నుంచి తీయండి. పదిమంది గ్రూపు ఫొటోకు ఎండ వెనుక పడని గోడను వెతుక్కోవడమే మేలు.

పందిరి_నీడ

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫ్లాష్ ముందు ట్రేసింగ్ పేపరు అతికిస్తే వెలుగు మెత్తబడుతుందని విన్నాను. నిజమేనా? పట్టుచీర జరీ, నగలు కూడా మెరిసిపోతున్నాయి.

దీపకాంతి

కాగితం వల్ల లాభం స్వల్పమండి. వెలుగు మెత్తబడాలంటే అది వచ్చే చోటు పెద్దదవ్వాలి. కాగితం అతికించినా ఆ చోటు అంతే ఉంటుంది, పైగా వెలుగు కొంత తగ్గి మీ దూరం ఇంకా కుదించుకుపోతుంది. జరీ మెరుపుకు, పెళ్లికూతురికి సూటిగా ఎదురుగా కాక కాస్త పక్కగా నిలబడితే తేడా తెలుస్తుంది. దానికన్నా ఉపయోగపడేది ఒక నారింజ రంగు జెలటిన్ (వెలుగు రంగు మార్చే పారదర్శక పొర) ముక్క. ఫ్లాష్ వెలుగు పగటి రంగులో, మండపంలోని పసుపు బల్బులు వేరే రంగులో ఉంటాయి కనుక, ఆ ముక్క అడ్డుపెట్టి వైట్ బ్యాలెన్స్‌ను (వెలుగు రంగుకు తగ్గట్టు ఫొటో రంగులు సరిచేసే అమరిక) టంగ్‌స్టన్‌కు, అంటే పసుపు బల్బులకు తగినదానికి, మారిస్తే రెండూ కలిసిపోతాయి. అక్కడ తెల్లటి ఎల్ఈడీలే ఉంటే దాని అవసరమే లేదు.

హోమం వేళ, మంగళహారతి వేళ మాత్రం ఫ్లాష్ పూర్తిగా మూసి, ఐఎస్ఓ 1600 దాటినా ఫరవాలేదనుకొని తీయండి. నిప్పు రంగు ముఖాల మీద పడటమే అక్కడి అందం. మాంగల్యధారణ సమయంలో మీ మెరుపు వీడియోవారి రికార్డింగులో పడుతుంది కనుక ముందుగానే వారితో ఒక మాట అనుకోండి. లెన్సు హుడ్ (లెన్సు ముందు తగిలించే గొట్టంలాంటి నీడ తొడుగు) ఉంటే ఫ్లాష్ వేసేముందు తీసివేయండి, లేకపోతే దాని నీడ ఫొటో కింది భాగంలో అర్ధచంద్రాకారంలో పడుతుంది.