‘చాలామందిని నమ్మొచ్చా?’ అన్న ప్రశ్నకు మన హైదరాబాద్‌లో అర్థం ఉందా?

ఎంఏ_సోషియాలజీ:
1981లో మొదలైన ప్రపంచ విలువల సర్వేలో ఒక ప్రశ్న ఉంటుంది: చాలామంది మనుషులను నమ్మవచ్చా, లేక జాగ్రత్తగా ఉండాలా? చైనాలో సగం మందికి పైగా నమ్మవచ్చన్నారు. జర్మన్ సోషియాలజిస్టు యాన్ డెల్హై మరో ఇద్దరితో కలిసి 51 దేశాల జవాబులు పరిశీలించి, 2011లో అసలు మెలిక బయటపెట్టారు. చైనాలో ‘చాలామంది’ అంటే ఎక్కువగా తెలిసినవాళ్లే. స్వీడన్‌లో కొత్తవాళ్లు, వేరే మతంవాళ్లు కూడా అందులోకి వస్తారు. ‘చాలామంది’ అనే ఆ వలయం ఎంత దూరం విస్తరిస్తుందో దాన్నే నమ్మకపు వ్యాసార్థం అంటారు. మన నగరంలో అది బాగా చిన్నదని నా అభిప్రాయం. మీరేమంటారు?

మలక్‌పేట_అక్క:
నేను ఒప్పుకోను తమ్ముడూ. మా వీధిలో ఇరవై మందిమి పద్నాలుగేళ్లుగా చీటీ వేసుకుంటున్నాం. ఆరుగురు ముస్లిం ఆడవాళ్లు, ఇద్దరు మార్వాడీలు ఉన్నారు. కాగితం లేదు, సంతకం లేదు. పాట ఎత్తుకున్నవాళ్లు కూడా మిగతా నెలలన్నీ కడుతూనే వచ్చారు. మోసం జరిగింది ఒక్కసారే, అదీ మా దగ్గరి చుట్టం వల్ల. రెండో నెలలోనే పాట పాడుకుని ఊరు వదిలేశాడు. ఇక ‘తెలిసినవాళ్లు’ అనే లెక్క ఎక్కడ నిలబడుతుంది?

టోలిచౌకి_వాసి:
అక్కా, చీటీ సరే, మరి ఇల్లు? నిరుడు నేను తొమ్మిది ఇళ్లకు ఫోన్ చేశాను. టూలెట్ బోర్డు మీది నంబరే. అద్దె, అడ్వాన్సు, మెయింటెనెన్స్ అన్నీ కుదిరేవి. పేరు అడిగేవారు. చెప్పగానే, ‘మావారిని అడిగి చెప్తాను’. మళ్లీ ఫోన్ రాలేదు. జీతం స్లిప్పు చూపిస్తానన్నా వినలేదు. సర్వేవాళ్లు వచ్చి అడిగితే ఆ తొమ్మిది మందీ ‘అందర్నీ నమ్ముతాం’ అనే చెప్తారేమో. మీ పై పోర్షన్ ఎవరికి ఇస్తారని అడగాలి.

ఎంఏ_సోషియాలజీ:
అన్నా, మీ ప్రశ్నే సరైనది. అయినా అక్క చెప్పింది తీసిపారేయలేను. రాజనీతి శాస్త్రవేత్త అశుతోష్ వార్ష్నేయ్ 2002లో అచ్చయిన పరిశోధనలో, మతకలహాలు పదేపదే చూసిన మన నగరాన్ని అంతగా చూడని లక్నోతో పోల్చారు. లక్నోలో చికన్ పనిలో, అంటే బట్టల మీద చేసే ఎంబ్రాయిడరీలో, హిందూ వ్యాపారులు, ముస్లిం పనివాళ్లు ఒకరి మీద ఒకరు ఆధారపడి బతుకుతారు. పండగకు సేమ్యా ఇచ్చిపుచ్చుకోవడం పల్లెలో చాలవచ్చు గానీ, నగరంలో రెండు మతాలవాళ్లూ కలిసి నడిపే సంఘాలు, వ్యాపారాలు ఉండాలన్నది ఆయన వాదన. కలహం వస్తే నష్టపోయేది ఇద్దరూ కాబట్టి పుకారును అక్కడే ఆపుతారు. నా లెక్కలో అక్క చీటీ అలాంటిదే. వీధికొకటి ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది.

మలక్‌పేట_అక్క:
పొద్దుటి నుంచి టోలిచౌకి తమ్ముడి మాటే మనసులో తిరుగుతోంది. రెండేళ్ల కింద మా పై పోర్షన్ ఖాళీ అయితే ‘మనవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి’ అని నేనే అందరికీ చెప్పాను. మా చీటీలో ఉన్న ఒకావిడ కొడుకు అప్పుడు ఇల్లు వెతుకుతున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. ఆవిడ నన్ను అడగలేదు, నేనూ అడగలేదు. ఆ నెల కూడా చీటీ డబ్బు ఐదో తారీఖుకే తెచ్చి ఇచ్చింది.