సమస్యాపూరణం: “వేడి పెరిగినంత వెలుగు తరిగె”

ఛందస్సు ఆటవెలది. మసకగా వెలిగే క్రియాశీల గెలాక్సీల నడుమ ఉన్న కృష్ణబిలాలలోకి పదార్థం చేరే తీరును వస్తువుగా తీసుకొని పూరించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

మొదటి పూరణ

పడెడు వాయు వెంతొ పలుచనై పోవంగ
బరువు కణమె వేడి పట్టి యుంచఁ
గాంతి గాక మునుపె కాలబిలముఁ జేరె
వేడి పెరిగినంత వెలుగు తరిగె

నిర్వాహకుని వ్యాఖ్య: ‘పలుచనై’ అన్న మాట దగ్గరే చిక్కు విడిపోయింది. పడే పదార్థం ఎడింగ్టన్ పరిమితికి (వెలుగు బయటికి నెట్టే బలం బిలపు ఆకర్షణకు సరితూగే హద్దుకు) తగిన మోతాదులో సుమారు నూరోవంతుకన్నా తగ్గినప్పుడు వాయువు ఎంత పలుచబడుతుందంటే, అయాన్లకు (ఎలక్ట్రాన్లు ఊడిన బరువైన పరమాణువులకు) చేరిన వేడి, కాంతిని వెదజల్లే ఎలక్ట్రాన్లకు అందేలోపే వాయువుతో సహా బిలంలోకి వెళ్ళిపోతుంది. బిలం అంచున అయాన్లు దాదాపు లక్ష కోట్ల డిగ్రీలకు చేరినా బయటికి వచ్చే వెలుగు స్వల్పమే. 1977లో శాస్త్రవేత్త ఇచిమారు సూచించిన ఈ ఊహను 1994లో రమేశ్ నారాయణ్, ఇన్సు యీ విస్తరించారు. ‘బరువు కణము’ అయాన్ అని గ్రహించడానికి మాత్రం నాకు ఒక క్షణం పట్టింది.

రెండవ పూరణ

మేత తగ్గెనేని మెరయుట యేముంది
మినుకుమినుకుమనుచు మిగిలె బిలము
తిరుగు చక్రమందు తిండియే లేదాయె
వేడి పెరిగినంత వెలుగు తరిగె

నిర్వాహకుని వ్యాఖ్య: ‘ఏముంది’ వ్యావహారికం, ‘ఏముండు’ అంటే గణం చెడదు. అంతకన్నా పెద్ద లోపం భావంలో ఉంది. వెలుగు ఎందుకు తగ్గిందో చెప్పారు, వేడి ఎందుకు పెరిగిందో చెప్పలేదు గనుక సమస్య సగమే తీరింది. మినుకుమనేది బిలం కాదు, దాని చుట్టూ ఉన్న వాయువు. చక్రం, అంటే బిలం చుట్టూ తిరుగుతూ లోపలికి పడే వాయువు, ఊరికే ఖాళీ కాదు. 1973లో శాస్త్రవేత్తలు షకూరా, సున్యాయెవ్ వర్ణించిన, పళ్ళెంలా అణగి ఉండే చక్రపు లోపలి భాగం తొలగి, ఆ చోట ఉబ్బిన వేడి ప్రవాహం నిండుతుంది. మన పాలపుంత నడుమ, సూర్యునికి నలభై లక్షల రెట్ల బరువున్న కృష్ణబిలం సజిటేరియస్ ఏ-స్టార్‌కు చుట్టుపక్కల తారల గాలుల నుండి చిక్కే వాయువులోనే అధికభాగం బిలం దాకా చేరదని రేడియో తరంగాల ధ్రువణ (తరంగాలు కంపించే దిశ) పరిశీలనలు తెలిపాయి. చేరినదైనా సరిగా వెలగదు. కాబట్టి ‘తిండియే లేదాయె’ అనడంకన్నా ‘తిన్నదీ వెలగలేదు’ అనడం నిజానికి దగ్గర.

రెండవ సభ్యుని సవరణ: ధన్యవాదాలు గురువుగారూ.

మేత తగ్గెనేని మెరయుట యేముండు
చల్లబడఁగలేని సన్నగాలి
యుబ్బి తిరిగి తిరిగి యురికి బిలముఁ జొచ్చె
వేడి పెరిగినంత వెలుగు తరిగె

నిర్వాహకుని వ్యాఖ్య: ఇప్పుడు వేడికీ మసకకూ ఒకే కారణం దొరికింది. ‘ఉరికి’ అన్నది చక్కని ప్రయోగం, ఎందుకంటే చల్లబడే తీరిక లేకుండా పడిపోవడమే ఈ ప్రవాహపు లక్షణం. అయితే ఇక్కడి వాయువు పళ్ళెపు చక్రంలోకన్నా నెమ్మదిగా చుట్టు తిరుగుతూ, అంతకన్నా ఎంతో వేగంగా లోపలికి జారుతుంది. కనుక రెండు ‘తిరిగి’లలో ఒకటి ఎక్కువే.